జానెడు చోటు చాలు: ఒరిగామి బొమ్మలను ఆరుబయట ఫొటో తీయడం ఎలా

ఎంత కష్టపడి మడిచిన ఒరిగామి బొమ్మ అయినా, టేబుల్ మీద పెట్టి ట్యూబ్‌లైట్ కింద ఫొటో తీస్తే వెలవెలబోతుంది. అదే బొమ్మను పొద్దున్నే చెలక గట్టు మీద పెట్టి తీస్తే చూసినవాళ్లు "ఇది కాగితమేనా?" అని అడుగుతారు. బొమ్మ మారలేదు, వెలుతురు మారింది, కింద నేల మారింది.

ఇందుకోసం నాగార్జునసాగర్ దాకానో, నల్లమలలో మల్లెలతీర్థం దాకానో పోవాలనుకుంటారు చాలామంది. అవసరం లేదు. 15 సెంటీమీటర్ల చదరపు కాగితంతో మడిచిన కొంగ అరచేతిలో కూర్చుంటుంది. దాన్ని నిండుగా చూపిస్తే ఫ్రేములోకి వచ్చేది జానెడు నేల, మహా అయితే మూరెడు. వెనకాల సాగర్ డ్యామ్ ఉన్నా ఫోకస్ లేక బూడిదరంగు మచ్చగానే పడుతుంది. కాబట్టి మీరు వెతకాల్సింది అందమైన ప్రాంతాన్ని కాదు, అందమైన జానెడు చోటును. నల్లగొండ, మహబూబ్‌నగర్, నాగర్‌కర్నూల్, వనపర్తి, గద్వాల వైపు ఉన్నవాళ్లకు దీనికి కొదవ లేదు. ఎర్ర చెలక, నల్లరేగడి, బండల సందులు, కుంట ఒడ్డు, వరి మడి, సీతాఫలం పొదలు, అన్నీ ఊరి పొలిమేర దాటకుండానే దొరుకుతాయి.

ముందు బొమ్మ సంగతి

ఇంట్లో బాగున్న ప్రతి బొమ్మా బయట బాగుండదు. మొదట చూడాల్సింది సైజు. ఆకు, గరిక, పువ్వు ఎంత ఉంటాయో అందరికీ తెలుసు. వాటి పక్కన పెట్టగానే బొమ్మ అసలు కొలత బయటపడుతుంది. కప్ప, మిడత, సీతాకోకచిలుక, పిచ్చుక లాంటివి నిజమైన వాటికి దగ్గరి సైజులోనే మడుస్తాం కాబట్టి ఎక్కడ పెట్టినా ఇమిడిపోతాయి. జింక, ఏనుగు, పులి అలా కాదు. గడ్డిపోచ పక్కన నిలబడ్డ జింక ఆటబొమ్మలా కనిపిస్తుంది. వాటికి రాయి మంచిది, ఎందుకంటే రాయికి కొలత తెలియదు. మన దగ్గరి గ్రానైట్ ముక్క పిడికెడంత ఉన్నా, దాని పగుళ్లు, గరుకుదనం పెద్ద గుట్టను పోలి ఉంటాయి. అలాంటి రాళ్లు రెండు మూడు పేర్చి, చుట్టుపక్కల ఆకులన్నీ ఏరేసి, మధ్యలో జింకను పెడితే దేవరకొండ గుట్టల్లో నిలబడ్డట్టే ఉంటుంది. ఒక్క ఎండుటాకు పొరపాటున ఫ్రేములో మిగిలినా ఆ భ్రమ పోతుంది.

రంగు విషయంలో నేల చెప్పినట్టు వినాలి. ఎర్రమట్టి మీద నారింజ, గోధుమ, ఇటుక రంగు కాగితాలు కలిసిపోతాయి. తెలుపు, నీలం, ఆకుపచ్చ లేచి కనిపిస్తాయి. నల్లరేగడి మీద పసుపు, తెలుపు బాగుంటాయి. తళతళలాడే ఫాయిల్ కాగితాన్ని ఎండలో వాడకండి, మడతలు పోయి మెరుపే మిగులుతుంది. ముద్రించిన పువ్వుల డిజైన్ కాగితం కూడా బయట అంతగా రాణించదు. చుట్టూ ఉన్న ప్రకృతిలోనే కావలసినంత డిజైన్ ఉంటుంది.

తర్వాత మందం. మామూలు ఒరిగామి కాగితం పల్చన, చిన్న గాలికే రెక్కలు కొట్టుకుంటుంది. బయటి ఫొటోలకు 100 జీఎస్ఎం (చదరపు మీటరుకు ఎన్ని గ్రాములో చెప్పే కొలత) పైన ఉండే కాగితం నయం. కాస్త అనుభవం ఉంటే తడి మడత పద్ధతి నేర్చుకోండి. జపాన్‌కు చెందిన అకిరా యోషిజావా (1911–2005) తీర్చిదిద్దిన పద్ధతి ఇది. మందపాటి కాగితాన్ని గుడ్డతో కొద్దిగా తడిపి, మెత్తబడ్డాక మడిచి, ఆ ఆకారంలోనే ఆరనిస్తారు. ఆరాక బొమ్మ గట్టిపడుతుంది, గాలికి వణకదు, వంపులు కూడా నిలుస్తాయి. మన ఎండకు ఆరడం పెద్ద సమస్య కాదు గానీ నేరుగా ఎండలో మాత్రం పెట్టకండి. ఒక వైపు ముందే ఆరిపోయి బొమ్మ వంకర తిరుగుతుంది. నీడలోనే ఆరనివ్వండి.

వానకాలంలో ఇంకో చిక్కు ఉంది. గాలిలో తేమ పట్టి మడతలు విచ్చుకుంటాయి. ఇంటి దగ్గర నోరు మూసుకున్న కప్ప కుంట దగ్గరికి పోయేసరికి నోరు తెరుస్తుంది. మడత లోపల కనబడని చోట అగ్గిపుల్ల కొనతో ఫెవికాల్ చుక్క పెట్టండి, స్టీలు డబ్బాలో మూతపెట్టి తీసుకెళ్లండి. ఇలా జిగురు పెట్టడాన్ని మోసం అనేవాళ్లున్నారు. పోటీకి పంపే బొమ్మకు అలాంటి నియమం ఉంటే పాటించండి. ఫొటో కోసమైతే అంత పట్టింపు అక్కర్లేదని నా అభిప్రాయం.

ఇంకా కొత్తవాళ్లయితే బళ్లో మడిచిన కత్తి పడవతోనే మొదలుపెట్టండి. కింద చెప్పేదంతా దానికీ వర్తిస్తుంది.

సంచిలో ఏముండాలి

ఒక అట్టముక్క, ఒక తెల్ల చార్టు లేదా థర్మాకోల్ ప్లేటు, తెల్ల పంచె, చీపురుపుల్లలు, సన్నటి బైండింగ్ వైరు, గాలానికి కట్టే నైలాన్ దారం, డబుల్ టేప్, చిన్న కత్తెర, కొవ్వొత్తి ముక్క, మెత్తటి బ్రష్షు. పడుకుని తీయడానికి ఒక పాత గోనెసంచి. ప్రతి బొమ్మకూ ఒక జోడు ఉంటే మరీ మంచిది, తడిసినా నలిగినా పని ఆగదు.

ఏ కాలంలో ఏం తీయాలి

ఫిబ్రవరి, మార్చిలో మోదుగ చెట్లు ఆకురాల్చి ఒళ్లంతా పూస్తాయి. రాలిన ఆ నారింజ పూల మధ్య ఆకుపచ్చ చిలుక బొమ్మ బ్రహ్మాండంగా ఉంటుంది. తొలకరి పడ్డాక బండల మీద నాచు మొలుస్తుంది. కప్పలకు, నత్తలకు అదే కాలం. బతుకమ్మ రోజుల్లో తంగేడు, గునుగు విరగబూస్తాయి. దసరా తర్వాత పత్తి పగులుతుంది, విచ్చుకున్న పత్తికాయ మీద చిన్న పిట్టను కూర్చోబెట్టొచ్చు. యాసంగి నాట్లప్పుడు వరి మడుల్లో దమ్ము చేస్తుంటే ట్రాక్టర్ వెనకాలే తెల్ల కొంగలు దిగుతాయి. గట్టు మీద మీ కాగితం కొంగ, దూరంగా మసకగా నిజం కొంగలు, ఇంతకన్నా మంచి బ్యాక్‌గ్రౌండ్ ఎక్కడా కొనలేరు. చలికాలం పొద్దున మంచు కురుస్తుంటే మాత్రం బొమ్మను గడ్డి మీద నేరుగా పెట్టకండి, రెండు నిమిషాల్లో అడుగు తడిసిపోతుంది. పెట్టాల్సి వస్తే అడుగున సన్నటి ప్లాస్టిక్ ముక్క కత్తిరించి అంటించండి.

ఎండాకాలంలో పొద్దెక్కక ముందే పని ముగించుకోవాలి. ఏడున్నర దాటితే వెలుతురు కటువుగా మారుతుంది, మీకూ ఓపిక ఉండదు. సాయంత్రం మళ్లీ ఐదు తర్వాత. ఆషాఢంలో గాలి ఎక్కువ. ఆ నెలలో కాస్త నెమ్మదిగా ఉండేది తెల్లవారుజామునే.

నిలబెట్టడం

ఆరుబయట సగం సమయం దీనికే పోతుంది. పిట్టను కొమ్మ మీద నిలపాలంటే జిగురు పూయకండి. పొట్ట కింది మడతలోకి బైండింగ్ వైరు దూర్చి, రెండు చివరలూ కొమ్మ చుట్టూ కెమెరాకు కనిపించని వైపు మెలేయండి. నేల మీద నిలబడాలంటే చీపురుపుల్లను బొమ్మ వెనకనుంచి మట్టిలోకి గుచ్చి, దానికి ఆనించండి. లోపల ఖాళీ ఉన్న బొమ్మల్లో గులకరాయి వేస్తే బరువుకు కదలదు. ఎగురుతున్నట్టు చూపాలంటే నైలాన్ దారం ఒకటి కాదు, రెండు కట్టండి. ఒక్క దారంతో వేలాడే బొమ్మ గిరగిరా తిరుగుతూనే ఉంటుంది. ఆ దారం వెనక ఆకాశం కాకుండా చెట్ల ముదురు ఆకుపచ్చ వచ్చేలా చూసుకుంటే కనబడదు.

గాలి వచ్చే వైపు, ఫ్రేముకు బయట, అట్టముక్కనో తెరిచిన గొడుగునో అడ్డం పెట్టండి. అయినా కదులుతుంటే బర్స్ట్ మోడ్‌లో వరసగా తీసి, నిలకడగా ఉన్నదాన్ని ఉంచుకోండి.

తీసే ముందు బొమ్మను దగ్గరగా ఒకసారి చూడండి. ఎర్రమట్టి దుమ్ము తెల్ల కాగితం మడతల్లో చేరి గీతలా కనిపిస్తుంది. దాన్ని వేలితో తుడిస్తే మరక అవుతుంది. బ్రష్షుతో దులపండి, లేదా ఊదండి. చీమ ఎక్కితే మాత్రం దులపకండి! కాగితం కప్ప వీపు మీద నడిచే నిజం చీమను మీరు కావాలన్నా పెట్టలేరు.

అసలు పని వెలుతురుది

ఒరిగామిలో చూపించాల్సింది మడతను. మడత కంటికి కనిపించేది నీడ వల్లే. ఒక ముఖం మీద వెలుతురు, పక్క ముఖం మీద కొంచెం తక్కువ, దాని పక్కది ఇంకొంచెం తక్కువ, ఇలా ఉంటేనే అంచులు తెలుస్తాయి. సూర్యుడు మీ వీపు వెనక ఉంటే అన్ని ముఖాలూ ఒకే వెలుగులో మునిగి, బొమ్మ కత్తిరించి అతికించినట్టు చదునుగా కనిపిస్తుంది. నడినెత్తిన ఉంటే వీపు తెల్లగా కాలిపోయి పొట్ట చీకటవుతుంది. కావలసింది సూర్యుడు కిందికి ఉన్నప్పుడు పక్కనుంచి ఏటవాలుగా వచ్చే వెలుతురు. పొద్దు పొడిచిన గంటలోపు, పొద్దు గుంకే ముందు గంట, అంతే.

అప్పుడు కూడా ఒక్క కోణంతో సరిపెట్టుకోకండి. మీరు చుట్టూ తిరిగే బదులు బొమ్మనే కొద్దికొద్దిగా తిప్పండి. పావువంతు తిప్పేసరికి అప్పటిదాకా కనబడని మడత ఒకటి పైకి తేలుతుంది. తెల్ల కొంగ అయితే మెడ దగ్గరి సన్నటి అంచు మెరిసిన చోట ఆపండి.

వెలుతురు బొమ్మ వెనకనుంచి వచ్చినప్పుడు ఇంకో రకం అందం. పల్చటి కాగితం గుండా వెలుగు ఇవతలికి వస్తుంది. ఒక పొర ఉన్నచోట లేతగా, రెండు మూడు పొరలు పడ్డచోట ముదురుగా, లోపలి మడతలన్నీ ఎక్స్‌రే తీసినట్టు బయటపడతాయి. కొంగకు రెక్కల దగ్గర పొరలు తక్కువ, ఒంటి దగ్గర ఎక్కువ. అందుకే రెక్కలు వెలుగుతాయి, ఒళ్లు నల్లగా నిలుస్తుంది. తడి మడతతో చేసిన మందపాటి బొమ్మలకు ఇది కుదరదు, వాటికి పక్క వెలుతురే గతి.

నీడ వైపు మరీ చీకటైతే ఆ వైపు ఫ్రేముకు బయట తెల్ల చార్టు పట్టుకోండి. దగ్గరికి తెచ్చేకొద్దీ నీడ పల్చబడుతుంది. మడతలు మాయమయ్యేంత దగ్గరికి తేకండి. నీడను కొంచెం బతకనివ్వాలి. ఎండ అనుకోకుండా ముదిరితే ఇద్దరు పంచెను చెరో వైపు పట్టుకుని బొమ్మకూ సూర్యుడికీ మధ్య అడ్డం పెట్టండి, మబ్బు పట్టినట్టు మెత్తటి వెలుతురు దిగుతుంది. నిజంగా మబ్బు పట్టిన రోజైతే పంచె అవసరమే లేదు, రంగు కాగితాలకు ఆ రోజే మంచిది.

ఎర్రనేలతో ఒక చిన్న చిక్కు. ఎండ నేల మీద పడి పైకి కొట్టినప్పుడు తెల్ల బొమ్మ పొట్ట ఎర్రగా కనిపిస్తుంది. నాకైతే అది ఇష్టమే, బొమ్మ నిజంగా ఆ నేల మీదే ఉందనిపిస్తుంది. వద్దనుకుంటే ఫ్రేములోకి రాకుండా నేల మీద ఒక తెల్ల కాగితం పరచండి.

నీడ మీద ఆసక్తి పెరిగితే నల్లగొండ పక్కనే పానగల్లులోని ఛాయా సోమేశ్వరాలయం చూసి రండి. గర్భగుడిలో లింగం వెనక గోడ మీద పొద్దంతా ఒక స్తంభం నీడ నిలిచే ఉంటుంది. సూర్యుడు కదిలినా అది కదలకపోవడానికి కారణం ఆ నీడ నేరుగా పడే ఎండది కాదు, బయటి నుంచి స్తంభాల మధ్యగా చెదిరి వచ్చే వెలుతురుది. ఒకప్పుడు ఈ ప్రాంతాన్ని ఏలిన కందూరు చోడుల కాలం నాటి శిల్పులు దీన్ని రాతిలో సాధించారు. చూసి నేర్చుకోవడానికే వెళ్లండి. గుళ్లో బొమ్మలు పరిచి ఫొటోలు తీయడం బాగోదు.

ఫోన్‌తో, కెమెరాతో

ఫోన్‌ను బొమ్మకు ఆనించినంత దగ్గర పెడితే రెండు నష్టాలు. ఫోన్ నీడ బొమ్మ మీద పడుతుంది, ముందున్న ముక్కు సాగి వెనకున్న తోక కుంచించుకుపోతుంది. రెండడుగులు వెనక్కి జరిగి 2ఎక్స్ లేదా 3ఎక్స్ పెట్టండి. బొమ్మ మీద వేలు కాసేపు నొక్కి పట్టి ఫోకస్ లాక్ చేసి, వెలుగును వేలితో పైకీ కిందికీ జరపండి. పోర్ట్రెయిట్ మోడ్ జోలికి వెళ్లకండి. అది కాగితం సన్నటి కొనలను గుర్తుపట్టలేక ముక్కు చివర, తోక చివర మసక చేసేస్తుంది.

తెల్ల కాగితం ఫ్రేము నిండా ఉంటే కెమెరా దాన్ని బూడిదరంగు చేస్తుంది, అప్పుడు వెలుగు పెంచాలి. నల్లరేగడి మీద చిన్న తెల్ల కొంగ ఉంటే కెమెరా నలుపును చూసి వెలుగు పెంచేస్తుంది, కొంగ సున్నపు ముద్దలా కాలిపోతుంది. అప్పుడు తగ్గించాలి. ఎక్కువ వెలుగు పడ్డ ముఖం మీద కూడా కాగితం గరుకు, మడత గీత కనబడుతున్నాయా అని జూమ్ చేసి చూడండి. కనబడేదాకా తగ్గించండి.

డీఎస్ఎల్ఆర్, మిర్రర్‌లెస్ ఉన్నవాళ్లకు 50 నుంచి 100 ఎంఎం లెన్స్ చాలు. అపర్చర్ (లెన్స్‌లో వెలుగు వచ్చే రంధ్రం) ఎఫ్ 5.6 నుంచి 8 మధ్య ఉంచండి. ఇంకా తెరిస్తే ముక్కు ఫోకస్‌లో ఉండి రెక్క పోతుంది. బొమ్మ పక్క భాగం లెన్స్‌కు సమాంతరంగా ఉండేలా తిప్పితే మొత్తం ఒకే ఫోకస్‌లోకి వస్తుంది. గాలి ఉంటే షట్టర్ వేగం 1/250 సెకను కన్నా తగ్గించకండి.

అన్నిటికన్నా ముఖ్యం ఎత్తు. నిలబడి కిందికి తీస్తే అది నేల మీద పడ్డ కాగితమే. బొమ్మ కంటి ఎత్తుకు దిగండి, గోనెసంచి తెచ్చింది అందుకే. ఫోన్‌ను తలకిందులు చేస్తే లెన్స్ నేలకు ఆనుకుంటుంది. అంగుళం ఎత్తు గరిక అప్పుడు అడవిలా లేస్తుంది, వెనక ఎక్కడో ఉన్న తాటిచెట్లు కూడా ఫ్రేములోకి వస్తాయి.

ఒకటి మొదటినుంచీ చివరిదాకా

మన తెలంగాణ రాష్ట్ర పక్షి పాలపిట్ట, రాష్ట్ర పుష్పం తంగేడు. రెండూ ఒకే ఫొటోలో పడితే నీలం మీద పసుపు, రంగుల పొత్తు కూడా కుదురుతుంది. ఒక వైపు నీలం, ఒక వైపు లేత గోధుమరంగు ఉన్న కాగితంతో పిట్టను మడవండి. రెక్క నీలంగా, ఛాతీ గోధుమరంగుగా వస్తుంది. పొద్దున ఆరున్నరకు చెలక గట్టున తంగేడు చెట్టు దగ్గరికి వెళ్లండి. నడుము ఎత్తులో, పూలగుత్తి పక్కన, చిటికెన వేలంత మందం కొమ్మ చూడండి. సన్న కొమ్మ అయితే పిట్ట బరువుకు కాదు, మీరు వైరు మెలేసేటప్పుడే విరుగుతుంది. పిట్టను కట్టాక, సూర్యుడు ఎడమ చేతి వైపు ఉండేలా నిలబడండి. వెనకాల ఆకాశం తెల్లగా ఉంటే రెండడుగులు జరిగి దూరపు గుట్టనో, వేప చెట్టునో వెనక్కి తెచ్చుకోండి. కుడి వైపు చార్టు పట్టమని తోడొచ్చినవాళ్లకు చెప్పండి. ఛాతీ మీద ఫోకస్ లాక్ చేసి, వెలుగు కొంచెం తగ్గించి, గాలి ఆగిన క్షణంలో వరసగా తీయండి. పూలు కదిలి మసకబారినా పరవాలేదు, పిట్ట మాత్రం నిలకడగా ఉండాలి.

నీళ్ల మీద

కుంటలో పడవ గానీ బాతు గానీ తేల్చాలంటే అడుగు భాగానికి కొవ్వొత్తి గట్టిగా రుద్దండి. ఆ మైనం కాసేపు నీళ్లను ఆపుతుంది. తామరాకు దొరికితే దాని మీద పెట్టేయొచ్చు. పారే నీళ్లు వద్దు. చెరువు మత్తడి దూకుతుంటే చూడ్డానికి బాగుంటుంది గానీ బొమ్మ నిలవదు, నాచు బండ మీద మీ కాలూ నిలవదు. ప్రతిబింబం కావాలంటే లెన్స్‌ను నీటికి ఎంత కిందికి దించితే అంత మంచిది. వానకు నిలిచిన చిన్న నీటి మడుగు అయినా సరిపోతుంది.

అడగాల్సినవి, చూసుకోవాల్సినవి

పొలంలోకి దిగేముందు రైతును అడగండి. "అన్నా, గట్టు మీద కాసేపు ఫొటో తీసుకుంటాం" అంటే కాదనేవాళ్లు అరుదు. ఒక కప్పను మడిచి వాళ్ల పిల్లలకు ఇచ్చి చూడండి, రేపు రమ్మని వాళ్లే పిలుస్తారు. అడగడంలో ఇంకో లాభం ఉంది. పత్తికి ఎప్పుడు మందు కొట్టారో, అడవిపందుల కోసం ఎక్కడైనా కరెంటు తీగ పెట్టారో వాళ్లకే తెలుసు. రాయి ఎత్తేముందు కట్టెతో కదపండి, తేళ్లుంటాయి. ఉరుములు మొదలైతే ఒంటరి చెట్టు కింద ఆగకుండా వచ్చేయండి.

మహబూబ్‌నగర్ పిల్లలమర్రి ఊడలు చూస్తే బొమ్మ పెట్టాలనిపించడం సహజం. ఆ చెట్టు చెదలు పట్టి దెబ్బతింటే 2018లో సెలైన్ సీసాలతో మందెక్కించి కాపాడుకున్నారు. దాని మీద వైరు కట్టడం, పిన్ను గుచ్చడం చేయకండి. ఏ ఊరి మర్రి అయినా ఊడ ఊడే. అమ్రాబాద్ పులుల అభయారణ్యం దారిలో అయితే బండి దిగి బొమ్మలు పరచడం అసలే వద్దు.

వచ్చేముందు తెచ్చిన వైరు, టేపు, దారం లెక్కపెట్టుకోండి. నైలాన్ దారం ముక్క పిట్టల కాళ్లకు చుట్టుకుంటుంది.

ఎడిటింగ్‌లో పెద్ద పని పెట్టుకోకండి. తెలుపు తెల్లగా ఉందా చూడండి, నీడలు మరీ పైకి లేపకండి, వైరు కొస కనబడితే చెరిపేయండి. ఫొటో కింద ఎవరి డిజైనో తప్పకుండా రాయండి. కొంగ లాంటివి సంప్రదాయంగా వస్తున్నవి, వాటికి 'సంప్రదాయ' అంటే చాలు. మిగతావాటికి డిజైన్ చేసినవారి పేరు, మడిచినవారి పేరు, కాగితం రకం, దాని కొలత ఇస్తే మడిచే అలవాటున్నవాళ్లకు పనికొస్తుంది. వాట్సాప్‌లో పంపేటప్పుడు డాక్యుమెంట్‌గా పంపండి. మామూలు ఫొటోగా పంపితే అది సైజు కుదించి, అంత కష్టపడి పట్టిన మడత గీతలనే ముందు మింగేస్తుంది.